తొమ్మిదో బెల్టు

మంథని చుట్టుపక్కల ఊళ్లలో ఒకప్పుడు నా చేతికి మంచి పేరుండేది. హస్తవాసి వైద్యుడికి ఉంటుందంటారు, పసరు మందిచ్చే ముసలాయనకు ఉంటుందంటారు. నేను రెండూ కాదు, రక్తం తీసేవాణ్ణి. తెల్లవారుజామున బండి మీద ఊళ్లు తిరిగి, పరగడుపున కూర్చున్న వాళ్ల మోచేతి మడతలో సూది పెట్టి, తీసిన రక్తాన్ని సీసాల్లో నింపి, వాటిని థర్మాకోల్ డబ్బాలో పేర్చి, తొమ్మిది గంటల పెద్దపల్లి బస్సులో పెట్టేవాణ్ణి. అక్కడ బస్సు మారి డబ్బా కరీంనగర్‌లోని ల్యాబుకు చేరేది. సాయంత్రానికి రిపోర్టులు నా ఫోనుకొచ్చేవి. ఇందులో హస్తవాసికి చోటెక్కడుందో నాకూ తెలియదు. కానీ జనం చెప్పుకునేది ఒకటే: వీడి చేతికి ఇస్తే షుగర్ తక్కువొస్తది.

నిజంగానే తక్కువొచ్చేది. పెద్దపల్లిలో రెండు వందలున్నవాడు నా దగ్గర నూటపాతికకు దిగేవాడు. గోదావరి దాటి చెన్నూరు వైపు నుంచి కూడా మనుషులు రావడం మొదలుపెట్టారు. నేను కాదనలేదు. కాదనడం నా స్వభావంలోనే లేదు. సూది గుచ్చేటప్పుడు మనిషి చూపు మళ్లించాలి కాబట్టి ఒక కథ చెప్పేవాణ్ణి. నేను పట్టిన వాలుగ చేపను గట్టుకు లాగిన రోజు అవతలి ఒడ్డున మోకాటి లోతు నీళ్లు చీలమండకు దిగిన సంగతి ఇప్పటికి కొన్ని వందల చేతుల మీదుగా చెప్పి ఉంటాను. చేప పెరుగుతూ వచ్చింది. నది తగ్గుతూ వచ్చింది. అలాంటివాణ్ణి, చెయ్యి మంచిదని ఊరంతా అంటుంటే ఎందుకు వద్దంటాను?

ఇంకో పేరు కూడా ఉండేది నాకు. ఒక్క సీసాతో సరిపెడతాడని. డాక్టర్లు రాసే చీటీలో సాధారణంగా రెండు పరీక్షలుంటాయి, ఒకటి రక్తకణాల లెక్క, ఒకటి షుగర్. ల్యాబువాళ్లు రెండు రకాల సీసాలిచ్చారు. లెక్కకు వంకాయ రంగు మూత, షుగర్‌కు బూడిద రంగు మూత. మొదటి నెలలో నేను రెండూ నింపేవాణ్ణి. అప్పుడు మా వాడకట్టులోని ముసలవ్వతో రోజూ పంచాయితీ అయ్యేది.

"ఒక్క సీసనే తియ్యి కొడుకా. గంత రక్తం పుట్టాలంటే ఎన్ని బుక్కలు తినాలె నేను?"

"రెండు తీస్తేనే పరీక్ష అయితదవ్వా."

"గట్లయితే పానమే తియ్యి. పీడ పోతది."

ఆమెకు ఒకటితో సరిపెడితే వెనక కూర్చున్న బట్టల కొట్టు చాచా ఊరుకునేవాడు కాదు. "ఏం మియా, అవ్వకు ఒకటి, నాకు రెండా? నేనేమన్న బర్రెనా, పిండుకుంటనే పోతున్నవ్?"

రక్తం రక్తమే, మూతకేం తెలుసు అనుకున్నాను. అందరికీ వంకాయ రంగు మూతే నింపి, రెండు పరీక్షలూ అందులోనే చెయ్యమని చీటీ మీద రాశాను. రక్తం అప్పుడే తీసిందైతే ఫరవాలేదన్నారు ల్యాబులో. చీటీలో తీసిన సమయం రాయడానికి ఒక గడి ఉంటుంది. నేను అందరికీ తొమ్మిదని రాసేవాణ్ణి. తీసింది అయిదుకో అయిదున్నరకో. బస్సు తొమ్మిదికి కాబట్టి తొమ్మిది. దాన్ని అబద్ధాల్లో జమకట్టలేదు. అబద్ధమంటే కాస్త పని ఉండాలి కదా, ఇది ఒక అంకె. డబ్బాను డ్రైవరు తన పక్కన ఇంజను మూత మీద పెట్టుకునేవాడు, కింద పడకుండా. ఎండాకాలం ఆ రేకు మీద చెయ్యి పెడితే కాలుతుంది. బూడిద రంగు మూతల సీసాలు పెట్టెల్లోనే, నా బీరువాలో ఉండిపోయాయి.

మా బావ దుబాయిలో పద్నాలుగేళ్లు క్రేన్ నడిపి వచ్చాడు. వచ్చేటప్పుడు రెండు సూట్‌కేసులు, ఒక షుగర్ జబ్బు తెచ్చుకున్నాడు. అక్కా వాళ్లిల్లు మా ఇంటికి రెండు వీధుల అవతల. చైత్రంలో ఒకరోజు బావ చెప్పు అడుగున కొట్టిన మొల, చిన్న ఇనప మేకు, పైకి లేచింది. పొద్దున వేసుకున్న చెప్పును సాయంత్రం విప్పితే మొల అరికాల్లో, చిటికెన వేలి కింద దిగి ఉంది. అంతవరకు ఆయనకు తెలియలేదు.

"దుబాయి ఎండల కాలిన కాలురా ఇది," అన్నాడు నాతో. "మొలకే నొప్పి లేసుంటది."

నేనూ నవ్వాను. పుండు రూపాయి బిళ్లంత అయింది. మానలేదు. బావ దగ్గర దుబాయి నుంచి తెచ్చిన చిన్న మిషన్ ఒకటి ఉండేది, వేలి నుంచి రక్తపు చుక్క తీసి షుగర్ చూసుకునేది. అది రెండువందల ముప్పై చూపించింది. నేను రక్తం తీసి పంపితే నూటపద్దెనిమిది వచ్చింది.

"ఏది నిజమంటవ్ బామ్మర్ది?"

"గా మిషన్ దుబాయి ఎండకు లెక్కకట్టింది బావా. మన దిక్కు గాలికి ఎక్కువ చూపెడ్తది."

ఈ మాట నేను ఎంత సులువుగా అన్నానో ఇప్పుడు రాస్తుంటే ఆశ్చర్యమేస్తుంది. ముందు అనుకోలేదు, వెనక ఆలోచించలేదు. బావ మిషన్‌ను బట్టల కింద పెట్టేశాడు. డాక్టరు నా కాగితం చూసి ఒక మందు గోళీ తగ్గించాడు. కాగితంలో ఉన్నదాన్ని బట్టి అది సరైన పనే. మరో నెల నూటపదహారు. బావ రెండో గోళీ తనంతట తానే మానేశాడు. బంగినపల్లి పండ్లు వచ్చే రోజులు.

పుండు మాత్రం కాగితం చదవలేదు. అంచులు తెల్లబడ్డాయి, చిటికెన వేలు నల్లబడుతూ ఉబ్బింది. మంథనిలో కట్టు కట్టే ఆయన రెండుసార్లు చూసి, షుగర్ అదుపులోనే ఉంది కదా, మరి ఎందుకు మానడం లేదో కరీంనగర్‌లో చూపించమన్నాడు. ఇట్లాగే పోతే పాదం పోతుందని అక్కతో చాటుగా అన్నాడు. అక్క ఆ మాట బావకు చెప్పలేదు, నాకు చెప్పింది. చెప్పి, నన్ను పెరట్లోకి తీసుకుపోయింది.

జామచెట్టు పక్కన బావ పొద్దున్నే మూత్రానికి కూర్చునే చోటు. గోడ అడుగు నుంచి అక్కడిదాకా చీమలు మూడు వరసలు కట్టాయి.

"నీ కాయితమేమో నూటపదహారు అంటది," అంది అక్క. "చీమలేమో చుట్టాలను గూడ తోలుకొచ్చినయి. ఎవరి మాట నమ్మాలెరా తమ్మీ?"

"ఏదో పండు రసం పడ్డదేమోనే."

"నాతోని గూడ మొదలువెట్టకు. నువ్వు చెప్పే కథలు అందరు ఇంటరు. చీమలు ఇనయి."

ల్యాబు తప్పు చేస్తోందని నాకు గట్టిగా అనిపించింది. తప్పు నాది కావచ్చన్న ఆలోచన ఆ పొద్దు రానే రాలేదు. మర్నాడు అయిదింటికి బావ రక్తం తీసి, డబ్బా ఒళ్లో పెట్టుకుని, తగవు పడ్డానికి నేనే కరీంనగర్ బస్సెక్కాను.

ల్యాబులో యంత్రం దగ్గర ఉండే మేడం నిర్మల్ వైపు మనిషి, ముప్పై ఏళ్లుంటాయి. నేను అరుస్తున్నంతసేపు సీసాను వెలుతురుకు పెట్టి చూస్తూ నిలబడింది. తర్వాత అందులో షుగర్ చూసింది. నూటపదకొండు. అదే సీసాలోంచి మూడు నెలల సరాసరి చెప్పే పరీక్ష కూడా పెట్టింది. ఏడు లోపు ఉండాల్సింది పది దాటింది.

"ఈ రెండు ఒక మనిషి ఒంట్లో ఉండయి అన్నా," అంది. "సరాసరి పది దాటినోనికి పొద్దుగాల రెండువందల మీదనే ఉండాలె. ఇది ఎప్పుడు తీసిండ్రు?"

"తొమ్మిదికి."

"తొమ్మిదింటి బస్సెక్కి వచ్చిన అని ఇప్పుడే అంటిరి గదా?"

నేను డబ్బా మూత సర్దాను.

"అన్నా, ఎప్పుడు తీసిండ్రు?"

"అయిదింటికి."

"బూడిద రంగు మూతలు మీకు పంపిస్తలేరా?"

"పంపుతుండ్రు. బీరువాల ఉన్నయి."

ఆమె కోప్పడలేదు. కోప్పడితే నాకు సులువయ్యేది. కుర్చీ చూపించింది. "సీసల పోయంగనే రక్తం సచ్చిపోయిందనుకుంటున్నరా? కణాలు బతికే ఉంటయి. బతికి ఉంటే తింటయి గదా. వాటి తిండి షుగరే. మీ బావ షుగర్‌ను మీ డబ్బాల కూసున్న రక్తమే తాగింది."

ఆ మధ్యాహ్నం ఆమె చెప్పినదాన్ని, తర్వాత నేను చదివి తెలుసుకున్నదాన్ని కలిపి ఇక్కడ రాస్తాను. ఎర్ర రక్తకణం చాలా బీద జీవి. మిగతా కణాల్లో ఉండే పొయ్యిలు దానిలో లేవు. ఆక్సిజన్‌ను ఒళ్లంతా మోస్తుంది కానీ తాను ఒక్క గుక్క వాడుకోదు. చక్కెరను గాలి అవసరం లేకుండా విరగ్గొట్టి, ఆ వచ్చిన కొద్దిపాటి శక్తితోనే బతుకుతుంది. ఆ విరగ్గొట్టడం పది మెట్లలో జరుగుతుంది. ఒక్కో మెట్టుకు ఒక్కో ఎంజైమ్, అంటే ఒకే ఒక పని తెలిసిన పనివాడు. తొమ్మిదో మెట్టు మీద ఉన్నవాడి పేరు ఎనొలేజ్. వాడి పనల్లా తన ముందుకొచ్చిన పదార్థం నుంచి ఒక నీటి అణువును పీకెయ్యడం. నీళ్లు పోయిన ఆ పదార్థంలో శక్తి బిగించిన స్ప్రింగులా నిలుస్తుంది. పదో మెట్టు మీద అది విడుదలై కణానికి కూలి ముడుతుంది.

బూడిద రంగు మూత సీసా అడుగున చిటికెడు తెల్లటి పొడి ఉంటుంది. అందులో ఫ్లోరైడ్ ఉంది. ఎనొలేజ్ మెగ్నీషియాన్ని చేతపట్టుకుంటే గానీ పనిచెయ్యలేడు. ఫ్లోరైడ్ వెళ్లి ఆ మెగ్నీషియాన్నే అంటిపెట్టుకుని కూర్చుంటుంది. పనివాడి చేతులు కట్టేసినట్టు. ఇక చక్కెర కదలదు.

"కానీ పొడి కలిసినంక గూడ ఒక గంట, గంటన్నర షుగర్ తగ్గుతనే ఉంటది," అంది మేడం. "అందుకే ఐసుల గూడ పెట్టుమంటం."

ఎందుకో ఆమె చెప్పక్కర్లేకుండానే నాకు అర్థమైంది. మా బాపు గోదావరిఖని వైపు బొగ్గుబాయిలో బెల్టు మీద పనిచేశాడు. బొగ్గు ఒక బెల్టు మీంచి ఇంకో బెల్టు మీదికి పడుతూ పైకొస్తుంది. తొమ్మిదో బెల్టు ఆగిపోతే ఒకటో బెల్టు దగ్గరున్నవాడికి వెంటనే తెలియదు. వాడు పోస్తూనే ఉంటాడు. ఎనిమిది నిండి, ఏడు నిండి, కుప్ప వెనక్కి పెరుగుతూ వచ్చి మొదటివాడి కాళ్ల దగ్గరికి చేరాకే పార ఆగుతుంది. రక్తంలోనూ అంతే. తొమ్మిదో చోట ఆపితే మొదటి చోట చక్కెర ఎత్తడం ఆగడానికి సమయం పడుతుంది. ఇక నా సీసాలో అయితే ఏ బెల్టూ ఆగలేదు. ఇంజను మూత మీది వేడికి అన్నీ రెట్టింపు పరుగెత్తాయి. నా హస్తవాసి అంతా అదే.

ఆ ఎంజైమ్ గురించి నాకు దొరికినదల్లా చదివాను. మన ఒంట్లో అది మూడు రూపాల్లో ఉంటుంది. ఒకటి దాదాపు అన్ని చోట్లా, ఒకటి కండరంలో, ఒకటి నరాల్లో. కండరంలోది పుట్టుకతోనే లోపించినవాళ్లు చాలా అరుదుగా ఉంటారు, నాలుగు మెట్లెక్కితే కండలు పట్టేసి కూలబడతారు. నరాల్లోది మెదడుకు గట్టి దెబ్బ తగిలినప్పుడూ, ఊపిరితిత్తుల క్యాన్సర్లు కొన్నింటిలోనూ రక్తంలోకి కారుతుంది. అందుకని డాక్టర్లు దాన్ని కొలుస్తారు. క్యాన్సర్ కణాలు గాలి ఎంత దొరికినా చక్కెరను ఈ పది మెట్ల దారిలోనే తెగ తగలేస్తాయి కాబట్టి వాటిలో ఈ పనివాడికి తీరిక ఉండదు. ఇంకో సంగతి నన్ను ఆపింది. నరాల రూపం ఎర్రకణాల్లో కూడా కొంత ఉంటుందట. రక్తం తీసేవాడు మోటుగా తీసి కణాలు చితికితే, మెదడు దెబ్బతినని మనిషికి కూడా దెబ్బతిన్నట్టు రిపోర్టు వస్తుంది. అంటే అక్కడా నావంటివాడొకడు ఉన్నాడన్నమాట.

తిరుగు బస్సులో ఏ కథా కట్టలేదు. బస్సు దిగి నేరుగా అక్కావాళ్లింటికి పోయాను. బావ గడప దగ్గర కుర్చీలో, కాలు ఇంకో కుర్చీ మీద పెట్టుకుని ఉన్నాడు. అక్క బియ్యం చెరుగుతోంది.

"ఏందిరా, ల్యాబును కూలగొట్టి వచ్చినవా?" అన్నాడు బావ.

"నీ షుగర్ నూటపదహారు కాదు బావా. రెండువందల నలభై దాక ఉంటది. రెండు నెలల నుంచి గంతే ఉన్నదనుకుంట."

ఏం జరిగిందో చెప్పాను. సీసా, మూత, బీరువా, తొమ్మిది గంటల అంకె. మిషన్ గురించి నేనన్న మాట కూడా. బావ నా మొహం వైపు చాలాసేపు చూశాడు. నేనేదో చివర్లో నవ్వుతానని ఎదురుచూస్తున్నాడని తెలుస్తూనే ఉంది.

"రక్తం, సీసల కూసోని, షుగర్ తింటదా?"

"తింటది."

"చేపను గూడ గిట్లనే నమ్మిచ్చినవ్."

"చేప అబద్ధం బావా. చేపే లేదు."

అక్క చెరిగే చేట కింద పెట్టింది. "నేను చెప్తనే ఉన్న," అని మాత్రం అంది. కట్టు కట్టేవాడు పాదం గురించి అన్న మాట అప్పుడు చెప్పింది. బావ తన కాలు వైపు చూసుకున్నాడు, ఎవరిదో పక్కింటివాళ్ల వస్తువు తమ ఇంట్లో ఉన్నట్టు. కాసేపటికి, "రేప్పొద్దుగాల పోదాం, బట్టలు సదురు," అన్నాడు అక్కతో. నా వైపు తిరగకుండానే కుర్చీ మీంచి కాలు దించుకున్నాడు.

కరీంనగర్ ఆసుపత్రిలో డాక్టరు బావను కళ్లు మూసుకోమన్నాడు. పుల్ల చివర సన్నటి నైలాన్ దారం ఉన్న పనిముట్టు ఒకటి తీశాడు. అరికాల్లో ఒక్కోచోట దారం ఆనిస్తాను, తెలిసినప్పుడల్లా "ఆ" అనమన్నాడు. బొటనవేలి కింద ఆనించాడు. బావ ఏమీ అనలేదు. నడిమిన ఆనించాడు. ఏమీ లేదు. మూడోసారి డాక్టరు చెయ్యి కదిపాడే గానీ దారం కాలికి తగలలేదు.

"ఆ," అన్నాడు బావ గట్టిగా.

"ఇప్పుడు నేను ముట్టుకోలేదు."

బావ కళ్లు తెరిచాడు. "ముట్టుకున్నరేమో అనుకున్న సార్."

నేను గోడ వైపు చూశాను. జీవితమంతా కోతలు కోసిన నా ముందు, ఒక్క కోత కూడా రాని మనిషి పాదం కాపాడుకోవడానికి ఒకే ఒకటి ప్రయత్నించాడు. అది పట్టుబడింది.

చిటికెన వేలి ఎముకలోకి చీము చేరిందని ఎక్స్‌రేలో తేలింది. వేలు తియ్యక తప్పదు. అక్కడితో ఆగుతుందా, పాదం మీదికి పాకుతుందా అన్నది ఇప్పుడే చెప్పలేమన్నాడు డాక్టరు. ఇన్సులిన్‌తో షుగర్ దించాలి. అయిదో రోజు కట్టు తానే విప్పి చూస్తాడు. కింద మాంసం నల్లగా ఉంటే చీలమండ పైన కోయాలి.

"షుగర్ ఎవరు చూస్తున్నారు ఇంతకాలం?" అని అడిగాడు చీటీ రాస్తూ.

బావ నా వైపు చెయ్యి చూపాడు. "మా బామ్మర్దే సార్. మొన్నటిసంది మంచిగ చూస్తుండు."

వేలు తీసేశారు. ఆ రోజుల్లో నేను పొద్దున మంథనిలో తిరిగి, మధ్యాహ్నానికి కరీంనగర్ చేరేవాణ్ణి. నా దగ్గర రక్తమిచ్చిన వాళ్లందరి ఇళ్లకూ రెండు సీసాలతో, ఐసు డబ్బాతో మళ్లీ పోయాను. కారణం చెబితే నమ్మినవాళ్లు తక్కువ. "ఇగో, కొత్త కథ కట్టిండు, గీసారి రక్తమే రాకాసట," అని ముసలవ్వ పక్కింటికి వినబడేలా నవ్వింది. అయినా చెయ్యి చాచింది. చాచాకు నూటఇరవై ఉండేది నూటతొంభై అయితే, నా చెయ్యి పాడైందని వేరేవాడి దగ్గరికి పోయాడు. పోయేవాళ్లను ఆపలేదు. పోయేచోట మూత రంగు చూసుకొమ్మని చెప్పాను. ఆసుపత్రిలో నర్సు బావ రక్తం తీస్తున్నప్పుడల్లా నేను మూత వంకే చూసేవాణ్ణి. మూడో రోజుకు ఆమె నేను అడక్కుండానే సీసా ఎత్తి చూపించడం మొదలుపెట్టింది. షుగర్ రెండువందలకు, నూట ఎనభైకి, నూటయాభైకి దిగింది.

అయిదో రోజు పొద్దున డాక్టరు వచ్చి మంచం కాళ్ల దగ్గర స్టూలు వేసుకున్నాడు. అక్క కిటికీ దగ్గర, వీపు ఇటు పెట్టి నిలబడింది. బావ దుప్పటి అంచు రెండు చేతులతో పట్టుకుని పైకప్పు చూస్తున్నాడు. కట్టు పొరలు పొరలుగా ఊడింది. చివరి గుడ్డ పుండుకు అంటుకుపోతే సెలైన్ పోసి నానబెట్టాడు. మెల్లగా లాగాడు. వేలుండిన చోట, తడి గుడ్డ వదిలిన అంచు వెంబడి, చిన్న చిన్న చుక్కలుగా ఎర్రగా ఊరింది. డాక్టరు వంగి చూసి, వెనక్కి జరిగి, ఇంకోసారి వంగి చూశాడు. మాంసం బతికే ఉందని, పాదానికి ఫరవాలేదని అన్నాడు. బావకు ఆ మాట చెవికెక్కలేదు. కాలి దగ్గర ఏం జరుగుతోందో ఆయనకు తెలియడం లేదు.

"ఏమైతుందిరా ఆడ?" అని నన్నడిగాడు.

"రక్తం వస్తుంది బావా."

"నల్లగ లేదుగా?"

"ఎర్రగున్నది."

ఆయన పైకప్పు మీంచి చూపు తిప్పి, ఆ సాయంత్రం తర్వాత మొదటిసారి నా కళ్లల్లోకి చూశాడు. నేను చెప్పింది తూచి చూసుకుంటున్నట్టు ఒక క్షణం ఆగాడు. చేతుల్లోని దుప్పటి వదిలేశాడు.

"రానియ్యి," అన్నాడు.